బుర్జ్ ఖలీఫా కంటే ముందు బాలాహిస్సార్

దుబాయ్ వెళ్ళిన కుటుంబం బుర్జ్ ఖలీఫా ఎక్కకుండా తిరిగి రాదు. సింగపూర్ వెళితే మెరీనా బే శాండ్స్ పైకప్పు, కౌలాలంపూర్ వెళితే పెట్రోనాస్ జంట భవనాల మధ్య వంతెన, పారిస్ వెళితే ఈఫిల్ టవర్. టూర్ ప్యాకేజీలో ఆ టికెట్ ఉందా లేదా అన్నది ముందే అడిగి తెలుసుకుంటాం. మన బడి పిల్లల్లో ఏటా దసరా సెలవులకు, వేసవి సెలవులకు ఇలా ఎత్తులెక్కి వచ్చేవారు పెరుగుతున్నారు. అది సంతోషించాల్సిన విషయమే. ఎత్తు నుంచి ఒక ఊరిని చూడటం పిల్లలకు దొరికే మంచి పాఠాల్లో ఒకటి. సోషల్ చెప్పే నాలాంటివాళ్ళు బోర్డు మీద నెల రోజులు గీసినా అర్థం కానిది అక్కడ పది నిమిషాల్లో అర్థమవుతుంది. నది ఎటు నుంచి వచ్చింది, ఊరు ఎటు పెరిగింది, రైలు పట్టాలు ఎందుకు వంపు తిరిగాయి, ఇళ్ళు ఎక్కడ కిక్కిరిశాయి, ఎక్కడ ఖాళీ మిగిలింది అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. అట్లాస్‌లో రంగుల కాగితంగా ఉన్న మ్యాప్ కళ్ళ ముందు పరుచుకుంటుంది.

ఆ పది నిమిషాలూ మనం పిల్లలకు ఇవ్వడం లేదన్నదే నా ఫిర్యాదు. ఇంకో మాట కూడా ఉంది. సొంత ఊరిని ఒక్కసారీ పై నుంచి చూడని పిల్లవాడికి పరాయి నగరం ఎంత ఎత్తు నుంచి చూపించినా చదవడం రాదు. అక్షరాలు నేర్పకుండా పెద్ద పుస్తకం చేతికిచ్చినట్టు ఉంటుంది.

సెలవుల తర్వాత మొదటి వారం క్లాసులో ఏం జరుగుతుందో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ‘ఎక్కడికి వెళ్ళారు’ అనే ప్రశ్నతో క్లాసు రెండుగా చీలిపోతుంది. విమానం ఎక్కినవాళ్ళు ఒక పక్క, ఎక్కనివాళ్ళు ఒక పక్క. మన బడిలో చదివించే ఇళ్ళన్నీ ఒకేలా ఉండవు. ఫీజు కట్టడానికి చిట్టీ పాడుకున్న ఇళ్ళూ ఉన్నాయి, ఏటా రెండు దేశాలు తిరిగే ఇళ్ళూ ఉన్నాయి. ఒకసారి ఆరో తరగతిలో బుర్జ్ ఖలీఫా ఎక్కివచ్చిన బాబును ‘పై నుంచి ఏం కనిపించింది’ అని అడిగితే, కాసేపు ఆలోచించి ‘కార్లు బొమ్మల్లా ఉన్నాయి’ అన్నాడు. ఇంకేమన్నా అంటే ఫోటోలు అమ్మ ఫోన్‌లో ఉన్నాయన్నాడు. అదే క్లాసులో, తాతగారి ఊరు వెళ్ళి భువనగిరి కోట ఎక్కిన ఒక పాప వెనక బెంచీలో కూర్చుని ఉంది. చెప్పమంటే మొదట సిగ్గుపడింది. తర్వాత చెప్పడం మొదలుపెడితే ఆగలేదు. కొండంతా ఒకటే రాయి అట, పై నుంచి కాజీపేట వైపు వెళ్ళే రైలు మొత్తం, ఇంజను నుంచి చివరి డబ్బా దాకా ఒకేసారి కనిపించిందట, వరంగల్ రోడ్డు మీద లారీలు చీమల బారులా ఉన్నాయట, చెరువుల్లో ఏది నిండిందో ఏది నిండలేదో తాతయ్య చూపించాడట. ఆ పాపకు ఎవరో పక్కన నిలబడి చూపించారు. ఇద్దరి మధ్యా తేడా అదే తప్ప టికెట్ ధరలో లేదు.

హైదరాబాద్ బ్రాంచీల్లో ఉన్న తల్లిదండ్రులకు నేను మొదట చెప్పేది గోల్కొండ. వానలు వెనకబట్టే ఈ రోజుల్లో గాలి కడిగినట్టు ఉంటుంది, రాళ్ళ మధ్య గడ్డి ఇంకా పచ్చగానే ఉంటుంది. ఇంతకన్నా మంచి సమయం ఏడాదిలో మళ్ళీ రాదు. 15 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్ కూడా అక్కర్లేదు. ఉదయం గేటు తెరిచిన వెంటనే వెళ్ళండి. కింద గుమ్మటం దగ్గర ఒకరు చప్పట్లు కొడితే కొండ పైన మండపంలో వినిపిస్తుందన్నది గైడ్లందరూ చూపిస్తారు. పిల్లలు దానికి మురిసిపోతారు, మురిసిపోనివ్వండి. రామదాసు చెరసాల కూడా చూపించండి. కానీ దాదాపు 120 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మీద బాలాహిస్సార్ దర్బారు దగ్గరకు చేరాక మాత్రం తొందరపడకండి. అసలు సరుకు అక్కడుంది.

ఉత్తరం వైపు చూస్తే కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు. కోటలో ఏలినవాళ్ళు ఎక్కడ పడుకున్నారో కోటలో నుంచే కనిపిస్తుంది. దగ్గరలో నయా ఖిలా వైపు ఇప్పుడు గోల్ఫ్ ఆడుకునే పచ్చిక. కోట చుట్టూ గోడ ఎలా వంపులు తిరిగిందో, బురుజులు ఎంతెంత దూరంలో ఉన్నాయో పై నుంచే తెలుస్తుంది. మొత్తం 87 బురుజులు, ఎనిమిది ద్వారాలు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు బయటే ఎందుకు ఉండిపోవాల్సి వచ్చిందో ఆ గోడ చూసిన పిల్లవాడికి వేరే చెప్పక్కర్లేదు. పడమర వైపు తిరగండి. గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట అద్దాల భవనాలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. మీలో చాలామంది ఆఫీసులు అక్కడే. ‘నాన్న రోజూ వెళ్ళేది అక్కడికి’ అని చూపించండి. ఇక తూర్పు వైపు, గాలి తేటగా ఉంటే, ఎనిమిది కిలోమీటర్ల అవతల చార్మినార్ సన్నగా కనిపిస్తుంది.

అక్కడ ఒక ప్రశ్న అడగండి. ఇంత గట్టి కోట ఉండగా, కొండ దిగి అంత దూరంలో మళ్ళీ ఊరు ఎందుకు కట్టుకున్నారు? పిల్లలు ఏవేవో చెబుతారు. చెప్పనివ్వండి. కోట లోపల జనం పెరిగారు, నీళ్ళు చాలలేదు, మూసీ దాటడానికి 1578లో వంతెన కట్టారు, 1591లో వంతెనకు అవతల చార్మినార్ నిలబెట్టి దాని చుట్టూ కొత్త ఊరు పరిచారు. నీళ్ళ కోసం, చోటు కోసం ఊరు తూర్పుకు జరిగింది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత అదే ఊరు ఉద్యోగాల కోసం పడమరకు, కోటను దాటుకుని జరిగింది. ఈ రెండు కదలికలూ ఒకే చోట నిలబడి, తల అటూ ఇటూ తిప్పి చూడగలిగేది గోల్కొండ పై నుంచే. పాఠ్యపుస్తకంలో ఇది రెండు వేర్వేరు అధ్యాయాలు.

ఆషాఢంలో జంటనగరాల బోనాలు మొదలయ్యేది ఈ కొండ మీది జగదాంబ అమ్మవారి గుడిలోనే. తల మీద బోనం పెట్టుకుని ఈ మెట్లన్నీ ఎక్కే ఆడవాళ్ళను చూసినవాళ్ళెవరూ ‘అమ్మో, అంత ఎత్తు మా వల్ల కాదు’ అనరు.

కాస్త లెక్కల్లోకి వస్తాను, మ్యాథ్స్ టీచర్లు నన్ను మన్నించాలి. అడ్డేమీ లేకపోతే ఎంత ఎత్తు నుంచి ఎంత దూరం కనిపిస్తుందో తెలుసుకోవడానికి తేలికైన సూత్రం ఉంది. ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో హెచ్చిస్తే కిలోమీటర్లు వస్తాయి. ఎనిమిదో తరగతి పిల్లలు చేయగలరు. గోల్కొండ కొండ మీద నుంచి దాదాపు 39 కిలోమీటర్లు. బుర్జ్ ఖలీఫాలో అందరూ వెళ్ళే 124వ అంతస్తు 452 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి నుంచి 76 కిలోమీటర్లు. ఎత్తు నాలుగు రెట్లకు దగ్గరైతే చూపు రెండు రెట్లే పెరిగింది. దుమ్ము, తేమ లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా కూడా చాలా రోజుల్లో మిగలదు. ఎండాకాలంలో దుబాయ్ వెళ్ళినవాళ్ళను అడగండి, ఆకాశం ఎక్కడ మొదలైందో ఎడారి ఎక్కడ ఆగిందో తెలియని పొగమంచు రంగే చూసి వచ్చినవాళ్ళు బోలెడంతమంది ఉంటారు. సూర్యాస్తమయం వేళ టికెట్‌కు ఎక్కువ డబ్బు పెట్టి మరీ!

బుర్జ్ ఖలీఫా గురించి పిల్లలకు చెప్పదగ్గ ముచ్చట ఒకటి మాత్రం ఉంది. రంజాన్ నెలలో సూర్యుడు అస్తమించాక ఉపవాసం విడుస్తారు కదా. ఆ భవనంలో పై అంతస్తుల వారికి సూర్యుడు ఇంకా కనిపిస్తూనే ఉంటాడు. అందుకని 80వ అంతస్తు దాటినవాళ్ళు రెండు నిమిషాలు, 150 దాటినవాళ్ళు మూడు నిమిషాలు ఎక్కువ ఆగాలని 2011లో అక్కడి మతపెద్దలు చెప్పారు. భూమి గుండ్రంగా ఉందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. దీన్ని చూడటానికి దుబాయ్ కూడా అక్కర్లేదు. విశాఖ బీచ్ రోడ్డులో పన్నెండో అంతస్తులో చుట్టాలుంటే చాలు. తెల్లవారుజామున పిల్లల్లో ఒకరిని బాల్కనీలో, ఒకరిని ఇసుకలో నిలబెట్టి ఫోన్‌లో మాట్లాడుకోమనండి. బాల్కనీలో ఉన్నవాళ్ళకు సూర్యుడు ముప్పావు నిమిషం ముందే కనిపిస్తాడు. సముద్రం మీద మబ్బు లేని రోజు చూసుకోవాలి, అంతే.

విశాఖ మాట వచ్చింది కాబట్టి, కైలాసగిరి. రోప్‌వే, శివపార్వతుల విగ్రహం, ఐస్‌క్రీమ్, ఇవన్నీ ఎలాగూ అవుతాయి. దక్షిణం వైపు నిలబడి బీచ్ వంపు వెంట చూపు పోనిచ్చి, చివర సముద్రంలోకి ముక్కు చాచిన డాల్ఫిన్స్ నోస్ దాకా తీసుకెళ్ళండి. అలల దెబ్బ తగలకుండా ఆ కొండ అడ్డుగా ఉండబట్టే దాని వెనక ఓడరేవు వచ్చింది. 1933లో ఆ రేవు ప్రారంభం కావడంతో ఊరి రాత మారింది. విజయవాడ పిల్లలకు గాంధీ కొండ. కాళ్ళ కిందే రైల్వే స్టేషన్, ఎన్ని వైపుల నుంచి పట్టాలు వచ్చి కలుస్తున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అవతల కృష్ణ, ప్రకాశం బ్యారేజీ. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చింది అది. ఊరి మధ్య నుంచి పోయే ఏలూరు కాలువ, బందరు కాలువ రోజూ స్కూల్ బస్సులో దాటే పిల్లలకు అవి ఎక్కడ మొదలవుతాయో, ఎవరి పొలాలకు పోతాయో ఒక్కసారి చూపిస్తే మళ్ళీ వాటిని ‘ఆ మురికి కాలువ’ అనరు. హనుమకొండలో పద్మాక్షి గుట్ట, కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజు, తిరుపతి వాళ్ళకైతే కొండ దిగే దారిలో ప్రతి మలుపూ. ఎత్తు లేని తెలుగు ఊరు అరుదు. ఏమీ లేకపోతే అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకు పక్కన టెర్రస్ ఉంది, వాచ్‌మన్ దగ్గర తాళం అడగడమే.

చార్మినార్ గురించి విడిగా ఒక మాట. పెద్ద ఎత్తు కాదు, పైగా సందర్శకులను మొదటి అంతస్తు వరకే పోనిస్తారు. అయినా ఆ బాల్కనీ చుట్టూ ఒక రౌండు నడిస్తే నాలుగు దిక్కులకు నాలుగు రోడ్లు సూటిగా పోవడం కనిపిస్తుంది. ఒక పక్క లాడ్ బజార్ గాజులు, ఒక పక్క మక్కా మసీదు, ఉత్తరాన చార్ కమాన్. ఊరిని ముందు కాగితం మీద గీసి తర్వాత కట్టారన్నది పిల్లలకు కళ్ళతోనే తెలుస్తుంది. నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టినవి. పారిస్‌లో ఈఫిల్ టవర్ నిలబడిన సంవత్సరమే అది. పరీక్షలో రాదు, ఊరికే చెబుతున్నాను.

ఇదంతా విదేశాలకు వెళ్ళొద్దనడానికి కాదు. వెళ్ళగలిగినవాళ్ళు తప్పకుండా వెళ్ళండి, ఎక్కండి. గోల్కొండ ఎక్కిన కళ్ళతో ఎక్కండి అంటున్నాను. న్యూయార్క్‌లో బాబాయి వాళ్ళింటికి వెళ్ళి ఎంపైర్ స్టేట్ భవనం ఎక్కే పిల్లవాడు, చుట్టూ ఉన్న పాత భవనాలు పైకి పోయేకొద్దీ మెట్లు మెట్లుగా ఎందుకు సన్నబడ్డాయని అడగగలగాలి. కింద వీధిలోకి వెలుతురు, గాలి రావాలని 1916లో అక్కడ చట్టం చేశారు, ఆ చట్టం ఆకారమే ఆ భవనాల ఆకారం. మన గల్లీల్లో అటు ఇల్లు ఇటు ఇల్లు తగులుకుని, మధ్యాహ్నం కూడా లైటు వేసుకునే గదులు ఎందుకున్నాయో ఆ పిల్లవాడే తర్వాత అడుగుతాడు. ఇంకో చిన్న చిట్కా. ఏ ఊళ్ళోనైనా అన్నిటికంటే పేరున్న భవనం ఎక్కితే ఆ భవనం తప్ప మిగతా అన్నీ కనిపిస్తాయి. ఎంపైర్ స్టేట్‌ను చూడాలనుకుంటే రాక్‌ఫెల్లర్ సెంటర్ ఎక్కడం మేలు.

దుబాయ్ విషయంలో పిల్లలకు ఒక సంగతి చెప్పకపోవడం అన్యాయం. ఆ నగరాన్ని కట్టిన చేతుల్లో కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్ళిన చేతులు లెక్కలేనన్ని. ఎత్తుకు ఒక గుణం ఉంది, అన్నిటినీ అందంగా చూపిస్తుంది. చెత్త కనిపించదు, చెమట కనిపించదు, క్యాంపుల్లో ఎనిమిది మంది పడుకునే గది కనిపించదు. మన కోకాపేట కూడా అంతే. గోల్కొండ మీద నుంచి అద్దాల గోడే కనిపిస్తుంది. దాని పక్కన నీలం టార్పాలిన్ గుడిసెల్లో ఉండే పనివాళ్ళను చూడాలంటే కొండ దిగి దగ్గరకు పోవాల్సిందే. అందుకే ఎక్కిన రోజే దిగాక ఒక అరగంట కింద వీధుల్లో నడిపించండి. పై నుంచి చూసిన గుమ్మటం, సందు, చెరువు కింద నుంచి వెతకమనండి. దుబాయ్‌లో అయితే మన తెలుగువాళ్ళు ఆదివారం సాయంత్రం టీ తాగే చోట మీరూ ఒక టీ తాగండి. ‘అన్నా, ఏ ఊరు మీది’ అని అడిగితే చాలు, మీ పిల్లలకు అక్కడ దొరికే పాఠం లిఫ్టులో దొరకదు.

ఫోన్ గురించి చెప్పకుండా ఉండలేను. పైకి వెళ్ళగానే మొదటి పది నిమిషాలు ఇంట్లో అందరి ఫోన్లూ అమ్మ బ్యాగులో ఉండాలి, అమ్మ ఫోన్‌తో సహా. ఆ పది నిమిషాల్లో పిల్లలు మూడు వెతకాలి. నీళ్ళు ఎక్కడున్నాయి, మనం వచ్చిన దారి ఏది, మన ఇల్లో హోటలో ఎటు ఉంది. చిన్న పిల్లలైతే ఒక కాగితం, పెన్సిల్ ఇవ్వండి. బొమ్మ ఎంత వంకరగా వచ్చినా పర్వాలేదు. ఆ తర్వాత సెల్ఫీలు మీ ఇష్టం. అద్దాల నేల మీద పడుకుని ఫోటో దిగాలని ఉంటే దిగనివ్వండి. సరదా లేకుండా పిల్లలు ఏదీ నేర్చుకోరు. ఎత్తంటే భయపడే పిల్లలుంటారు, వాళ్ళను ‘ఇంత డబ్బు పెట్టాం, చూడు’ అని అంచుకు లాగకండి. గోడకు ఆనుకుని కూర్చుని చూసినా ఊరు కనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ, తాతయ్యలను కింద చెట్టు నీడలో వదిలేసి పైకి పరిగెత్తే బదులు కొన్ని మెట్ల దాకా తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టండి. వాళ్ళకు గుర్తున్న ఊరు మీకు కనిపించే ఊరి కింద ఉంటుంది.

జాగ్రత్త విషయంలో మాత్రం నేను పాతకాలపు మనిషిని. 1981 డిసెంబరు 4న ఢిల్లీ కుతుబ్‌మినార్ లోపల కరెంటు పోయి, చీకట్లో మెట్ల మీద తొక్కిసలాట జరిగి 45 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది బడి పిల్లలు. ఆనాటి నుంచి మినార్ లోపలికి జనాన్ని పోనివ్వడం లేదు. మూసిన తలుపు దగ్గర గార్డుతో ‘ఒక్క నిమిషం, పిల్లలకు చూపిద్దామని’ అంటూ బతిమాలే తండ్రులను, చేతిలో నోటు పెట్టే తండ్రులను చూస్తుంటాం. ఆ తలుపు ఎందుకు మూశారో పిల్లలకు చెప్పండి. గోల్కొండ మెట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, కొన్ని గోడల అంచున కటకటాలు లేవు. చెప్పులు కాదు, బూట్లు వేయించండి. ఆదివారం మధ్యాహ్నం రద్దీలో పోకండి.

ఇక బడి వైపు నుంచి. మన బ్రాంచీల్లో పిక్నిక్ అంటే వాటర్ పార్కు, లేదంటే మాల్‌లో గేమ్ జోన్. పిల్లలు అడిగేది అదే, తల్లిదండ్రులు ఒప్పుకునేది అదే, బస్సులు పోయేది అక్కడికే. ఖర్చు మాత్రం ఒక్కో పిల్లవాడికి వేల దగ్గరకు వచ్చింది. పేరు ఇవ్వని పిల్లలు ఆ రోజు ఇంట్లో ఉండిపోతారు, జ్వరం అని చెబుతారు. ఈ ఏడాది ఐదు నుంచి తొమ్మిది తరగతులకు ఒక పూట ఊరి ఎత్తు మీదకు తీసుకెళ్ళాలని, దానికి బస్సు ఖర్చు తప్ప ఏమీ వసూలు చేయకూడదని సోషల్, మ్యాథ్స్ టీచర్లం కొందరం ప్రిన్సిపాళ్ళకు రాసి ఇచ్చాం. తరగతికి నలుగురు తల్లిదండ్రులు వెంట వస్తేనే చిన్న చిన్న గుంపులుగా మెట్లు ఎక్కించడం కుదురుతుంది. సెలవులు అయ్యాక వచ్చే మొదటి శనివారం డైరీలో చీటీ అంటించి పంపుతాం. మీరు వస్తారా, ఏ పూట వీలవుతుంది, మీ ఊరి ఎత్తుల గురించి పిల్లలకు చెప్పగలిగింది ఏమైనా ఉందా అని మూడు గడులు ఉంటాయి. మూడో గడి ఖాళీగా వదలకండి. తాతగారిని అడిగి రాసినా సరే.